మందిరానికి వెళ్లడానికి మొహం చెల్లడం లేదు

ప్రశ్న: అక్కా, నా వయసు 38. పన్నెండేళ్లు మా సంఘంలో సండే స్కూల్ పిల్లలకు వాక్యం చెప్పాను. మూడేళ్ల క్రితం ఉద్యోగం మానేసి సొంత వ్యాపారం పెట్టాను. ప్రభువే నడిపించాడని అందరి ముందూ సాక్ష్యం కూడా చెప్పాను. సరుకు కదల్లేదు, రావలసిన బాకీలు రాలేదు. సంఘంలోని మూడు కుటుంబాల దగ్గర అప్పు తీసుకున్నాను. డబ్బు పోయిందని తెలిసి కూడా ఏడు నెలల పాటు "దేవుని చిత్తమైతే వచ్చే నెల ఇచ్చేస్తాను" అంటూ అబద్ధం చెప్పాను. నా భార్యకు కూడా చెప్పలేదు. చివరికి మందిరంలో ఒక సహోదరి ద్వారా ఆమెకు తెలిసింది. ఇప్పుడు నాలుగు నెలలుగా మందిరానికి వెళ్లడం లేదు. మోకరిస్తే దేవుని ముందు మాట రావడం లేదు, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. దేవుడు క్షమిస్తాడని ఎంతోమందికి చెప్పినవాణ్ణి, నాకు నేను చెప్పుకోలేకపోతున్నాను. ఇన్నేళ్ల నా విశ్వాసం నకిలీదేనా? ఈ ఓటమిలో దేవుని కృప ఎక్కడుంది? మొన్న నా క్లాసులో చదివిన పాప దారిలో కనిపించి "అంకుల్, మళ్లీ ఎప్పుడొస్తారు?" అని అడిగింది. ఏదో పనుందని చెప్పి తప్పించుకున్నాను. నన్ను తమ్ముడనుకుని జవాబివ్వండి.

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దేవుని ముందు మాట రావడం లేదని రాశావు. కానీ ఆయన పేరు ఎత్తకుండా నాలుగు వాక్యాలు రాయలేకపోయావు. ఆయనతో చెప్పుకోలేనిది ఆయన గురించి నాకు చెప్పుకున్నావు. నీ విశ్వాసం నకిలీదో కాదో తర్వాత చూద్దాం. నకిలీ విశ్వాసం ఉన్నవాడికి నాలుగు నెలలు నిద్ర లేకుండా పోవడం మాత్రం నేనెక్కడా చూడలేదు.

ముందు ఒక చిక్కుముడి విప్పాలి. నీ ఉత్తరంలో రెండు సంగతులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. వ్యాపారం పోవడం ఒకటి, అబద్ధం చెప్పడం ఇంకొకటి. నువ్వు రెంటికీ ఒకే సిగ్గు పడుతున్నావు. వ్యాపారం మూతపడటం పాపం కాదు. నిజాయితీగా కష్టపడినవాళ్లకీ నష్టాలు వస్తాయి. దానికి నీకు కావలసింది ఓదార్పు. ఉద్యోగం మానుకుని కట్టుకున్న ఆశ కూలిపోయింది. దాని కోసం కూర్చుని ఏడవడానికి కూడా నువ్వు నీకు అనుమతి ఇచ్చుకున్నట్టు లేదు. ఏడువు. దేవుని ముందే ఏడువు. కీర్తనల్లో అలాంటి మొరలు ఎన్నో ఉన్నాయి.

ఆ ఏడు నెలల మాటలు మాత్రం వేరు. అవి పాపం. మెత్తగా చెప్పి నిన్ను మోసం చేయలేను. "దేవుని చిత్తమైతే" అన్న మాటను గడువు పెంచుకోవడానికి వాడుకోవడం నన్ను ఎక్కువ బాధపెట్టింది. నిన్నూ అదే ఎక్కువ బాధపెడుతున్నట్టుంది. దాని పేరు పెట్టి ఒప్పుకో. వ్యాపారం పోయినందుకు క్షమాపణ అడుగుతూ, అబద్ధాన్ని ఆ గుంపులో ఎక్కడో కలిపేస్తే నీకు ఎప్పటికీ తేలిక రాదు.

ఇతరులకు చెప్పగలిగిన క్షమాపణ నీకు నువ్వు చెప్పుకోలేకపోతున్నానన్నావు. 1 యోహాను 1:9 నువ్వు పిల్లల చేత కంఠస్థం చేయించే ఉంటావు. మన పాపాలను మనం ఒప్పుకుంటే ఆయన "నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక" క్షమిస్తాడని ఉంది. ఆ వచనంలో దయగలవాడు గనుక అని లేదు, చూశావా? దయగలవాడే, అందులో సందేహం లేదు. కానీ యోహాను ఇక్కడ నీతిని ముందుకు తెచ్చాడు. నీ పాపానికి సిలువ మీద వెల చెల్లిపోయింది కాబట్టి, ఒప్పుకున్నవాణ్ణి క్షమించడం ఆయన న్యాయంలో భాగం. ఆ క్షమాపణ ఈరోజు నీకు నీమీద ఎంత అసహ్యంగా ఉందన్న దానిమీద ఆధారపడదు. నీకు నువ్వు క్షమాపణ చెప్పుకోవలసిన పని కూడా లేదు. ఆయన చెప్పింది వినాలి, అంతే.

ఇక కృప ఎక్కడుందన్న ప్రశ్న. దీనికి నేను యేసు శిష్యుడైన పేతురు దగ్గరికి వెళ్తాను. ఆ కథ నీకు నాకంటే బాగా తెలుసు, బొమ్మలు గీసి మరీ చెప్పి ఉంటావు. అయినా ఈసారి ఓడిపోయినవాడిగా చదువు.

లూకా 22లో, యేసును పట్టుకున్న ఆ రాత్రి, పేతురు ఇంకా ఏమీ చేయకముందే, ప్రభువు అతనితో "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని" అన్నాడు. వేడుకుంటాను అనలేదు. అప్పటికే వేడుకున్నాడు. ఆ వెంటనే "నీ మనసు తిరిగిన తరువాత నీ సహోదరులను స్థిరపరచుము" అన్నాడు. తిరిగితే అని కాదు, తిరిగిన తరువాత అని. పేతురు ఆ మాట పట్టించుకోలేదు, చెరసాలకైనా మరణానికైనా సిద్ధమని గొప్పగా చెప్పాడు. కొన్ని గంటల్లోనే ఆయన ఎవరో తెలియదన్నాడు. కానీ ఆ ప్రార్థన అంతకు ముందే అతని కోసం వెళ్లి ఉంది. పేతురు ధైర్యం తప్పింది, మాట తప్పింది, నమ్మిక మాత్రం పూర్తిగా తప్పిపోలేదు. బయటికి వెళ్లి అంతగా ఏడ్చాడంటే కారణం అదే. నీ నిద్రలేని రాత్రులను కూడా నేను అలాగే చూస్తున్నాను. నీకోసం ఎవరూ ప్రార్థన చేయడం లేదని అనుకుంటున్నావేమో. ఆయన నీకంటే ముందే మొదలుపెట్టాడు.

ఇంకో సంగతి ఉంది. మన తెలుగు బైబిల్లో అది అంత సులువుగా కనబడదు. పేతురు అబద్ధమాడిన రాత్రి చలి కాచుకున్న మంట యోహాను 18:18లో ఉంది. పునరుత్థానం తర్వాత సముద్రతీరాన ప్రభువు సిద్ధం చేసిన నిప్పులు 21:9లో ఉన్నాయి. తెలుగులో ఒకచోట మంట అనీ, ఇంకోచోట నిప్పులు అనీ చదువుతాం. గ్రీకులో రెండుచోట్లా ఒకే మాట, ఆంత్రకియా, బొగ్గుల నిప్పు. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట ఈ రెండు చోట్లే వస్తుంది. అబద్ధమాడింది బొగ్గుల నిప్పు పక్కన, మళ్లీ ప్రభువుతో కూర్చున్నదీ బొగ్గుల నిప్పు పక్కనే. ఆ వాసన ముక్కుకు తగలగానే పేతురికి ఏం గుర్తొచ్చి ఉంటుందో ఊహించు. ఆ రాత్రిని మర్చిపోదాంలే అని ప్రభువు అనలేదు. అదే చోటికి అతన్ని మళ్లీ తెచ్చాడు. కాకపోతే ఈసారి ఆ నిప్పు వేసింది ఆయన.

ముందు తినమన్నాడు. "రండి భోజనము చేయుడి" అన్నాడు. ప్రశ్న అడిగింది భోజనం అయ్యాకే. నాకు ఈ వరస ఎంతో ఇష్టం. నువ్వు అనుకుంటున్న వరస దీనికి తలకిందులుగా ఉంది. ముందు అప్పులన్నీ తీర్చాలి, పరువు తిరిగి తెచ్చుకోవాలి, ఆ తర్వాత దేవుని ముందుకు రావాలి అని నీ లెక్క. ఆయన లెక్క అలా లేదు. పన్నులు వసూలు చేసే జక్కయ్య సంగతి చూడు. ప్రభువు అతని పేరు పెట్టి పిలిచి, ఇంటికి వస్తానన్న తర్వాతే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు చెల్లిస్తానన్న మాట అతని నోట వచ్చింది. డబ్బు తిరిగిచ్చాడు కాబట్టి యేసు ఆ ఇంటికి రాలేదు. యేసు వచ్చాడు కాబట్టి డబ్బు తిరిగి ఇవ్వాలనిపించింది.

భోజనం తర్వాత అడిగిన ప్రశ్న కూడా చూడు. ఎందుకలా చేశావు అని అడగలేదు. ఇంకెప్పుడూ చేయనని మాటివ్వు అనలేదు. నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు. మూడోసారి పేతురు నొచ్చుకున్నాడని యోహాను రాశాడు. కృప దొరికితే వెంటనే హాయిగా ఉంటుందని మనం అనుకుంటాం. ఒక్కోసారి గాయం కడిగినట్టు మండుతుంది. నీకు మంటగా ఉందంటే ఆయన నిన్ను వదిలేశాడని అర్థం చేసుకోకు. మొదటిసారి అడిగినప్పుడు "వీరికంటె" ఎక్కువగా ప్రేమిస్తున్నావా అన్నాడు. ఒకప్పుడు పేతురు అందరూ వదిలినా నేను వదలను అన్నవాడు. ఈసారి ఇతరులతో పోల్చుకోలేదు. "నేను నిన్ను ప్రేమించుచున్నానని నీవే యెరుగుదువు" అని మాత్రం అన్నాడు. నువ్వు కూడా పెద్ద ప్రార్థన కోసం వెతక్కు. మాట రాకపోతే ఆ ఒక్క వాక్యం చాలు. ఈ రాత్రికి అదే చెప్పు.

డబ్బుకు ప్రభువును పట్టించిన శిష్యుడు యూదా గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. అతను తప్పు ఒప్పుకోలేదని చాలామంది అనుకుంటారు. మత్తయి 27 చదివితే, పాపం చేశానని స్పష్టంగా అన్నాడు, ముప్పై వెండి నాణేలూ తిరిగి ఇచ్చేశాడు. కానీ వెళ్లింది ప్రధానయాజకుల దగ్గరికి. వాళ్లు "దానితో మాకేమి? నీవే చూచుకొనుము" అన్నారు. పేతురు ఏడ్చాడు, కానీ మిగతా శిష్యుల మధ్యే ఉన్నాడు. తీరాన ఉన్నది ప్రభువని తెలియగానే నీళ్లలోకి దూకి ఆయన వైపు వెళ్లాడు. దుఃఖం ఇద్దరికీ ఉంది. నీ దుఃఖాన్ని నువ్వు ఎక్కడికి పట్టుకెళ్తున్నావో చూసుకో. నాలుగు నెలలుగా "నీవే చూచుకొనుము" అనే గొంతు ఒక్కటే వింటున్నావు. అది ప్రభువు గొంతు కాదు.

విశ్వాసం నకిలీదేనా అని అడిగావు. నిజంగా కృప పొందినవాడు మళ్లీ ఇలా చేస్తాడా అన్నది నీ భయం. ఇంగ్లండ్‌కు చెందిన జాన్ న్యూటన్ గురించి విన్నావనుకుంటాను. 1748లో తుఫానులో చిక్కిన ఓడలో దేవునికి మొరపెట్టి విశ్వాసంలోకి వచ్చినవాడు. తర్వాత కూడా బానిసల్ని తరలించే ఓడలకు కెప్టెన్‌గా పనిచేశాడు. ఓడలో ప్రార్థన చేసుకుంటూనే, కింద గొలుసులతో మనుషుల్ని కట్టి తీసుకెళ్లాడు. 1754లో ఆ పని మానింది కూడా జబ్బు చేయడం వల్ల. ఆ తర్వాత సంఘ సేవకుడయ్యాడు. తాను చేసింది ఎంత ఘోరమో దేశమంతా చదివేలా అచ్చువేసి ఒప్పుకున్నది 1788లో, అరవై దాటాక. ఇది చెబితే కొందరు విశ్వాసులకు నచ్చదు. మారుమనస్సు అంటే ఒక్కరోజులో అన్నీ మారిపోవాలని వాళ్ల ఆశ. కానీ న్యూటన్ కళ్లు తెరుచుకోవడానికి దేవుడు అన్నేళ్లు పని చేశాడు. అది అతని పాపాన్ని చిన్నది చేయదు. ఆ ఓడల్లో చనిపోయినవాళ్లు తిరిగి రాలేదు. నీకు చెప్పేదేమిటంటే, నీలో ఇంకా వెలుగు పడని గది ఒకటి బయటపడింది. ఆ ఇల్లు ఆయనది కాదని దాని అర్థం కాదు. పేతురు కూడా తర్వాత అంతియొకయలో జనానికి భయపడి వెనక్కి తగ్గాడు, అపొస్తలుడైన పౌలు అతన్ని అందరి ముందు ముఖాముఖిగా ఎదిరించాడు. గలతీ పత్రికలో ఉంది.

ఇక చేయవలసినవి. మొదట నీ భార్య. అప్పు ఇచ్చినవాళ్ల కంటే ముందు ఆమె. ఆమెకు ఈ సంగతి వేరేవాళ్ల నోట తెలిసింది, అది డబ్బు పోవడం కంటే లోతైన దెబ్బ. ఆమె దగ్గర కూర్చుని మొత్తం చెప్పు. ఎవరికెంత ఇవ్వాలో, ఏ రోజు ఏ అబద్ధం చెప్పావో, ఇంకా దాచినది ఏదైనా ఉంటే అది కూడా. సగం ఇప్పుడు, సగం తర్వాత అంటే రెండోసారి ఆమె తట్టుకోలేదు. "నీకు టెన్షన్ ఎందుకని చెప్పలేదు" అనకు. "క్షమించమని బైబిల్ చెబుతోంది కదా" అన్న మాట నీ నోట అస్సలు రాకూడదు. ఆ వాక్యం ఆమెకు చెప్పవలసినవాడివి నువ్వు కాదు. ఆమె కోపంగా ఉంటే ఉండనివ్వు.

తర్వాత ఆ మూడు కుటుంబాలు. మెసేజ్ పెట్టొద్దు. ఒక్కొక్కరి ఇంటికి వెళ్లు, నీ భార్యకు ఇష్టమైతే ఇద్దరూ వెళ్లండి. "పరిస్థితులు బాగోక" అని మొదలుపెట్టకు. "మీకు అబద్ధం చెప్పాను" అని మొదలుపెట్టు. సంఖ్యాకాండము 5లో ఒప్పుకోవడం, తిరిగి చెల్లించడం పక్కపక్కనే ఉంటాయి, అసలు మీద అయిదో వంతు కలిపి మరీ ఇవ్వమంటుంది. నీకిప్పుడు అంత శక్తి లేదని నాకు తెలుసు. ఎంత చిన్న మొత్తమైనా సరే, నిజంగా ఇవ్వగలిగినంత మాత్రమే కాగితం మీద రాసివ్వు. వాళ్లను సంతోషపెట్టడానికి పెద్ద అంకె వేస్తే మళ్లీ అబద్ధమే మొదలవుతుంది. ఒక నెల ఇవ్వలేకపోతే ఆ తేదీకి ముందే వెళ్లి చెప్పు. మీ సంఘ కాపరికో, నువ్వు నమ్మే ఒక పెద్దకో ఆ కాగితం చూపించు. ప్రతి నెలా నిన్ను అడిగే మనిషి ఒకరుండాలి.

అందరూ క్షమిస్తారని, క్షమించినా ముందులా ఉంటారని నేను చెప్పలేను. కొన్నేళ్ల క్రితం ఒక సహోదరి తన ఇంటి బాధ నాకు చెప్పుకుంది. నేను దాన్ని ప్రార్థన విజ్ఞాపన అనే పేరుతో ఇంకో ఇద్దరికి చెప్పాను. ప్రార్థన కోసమే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి నాకు తెలుసని చూపించుకోవాలనిపించింది. అది తిరిగి ఆమె చెవిన పడింది. వెళ్లి క్షమాపణ అడగడానికి నాకు ఏడాది పట్టింది. ఆమె నా చేయి పట్టుకుని క్షమించానంది. నిజంగానే క్షమించింది, ఈరోజుకీ ఆప్యాయంగా పలకరిస్తుంది. కానీ ఆ తర్వాత ఎప్పుడూ తన మనసులో మాట నాకు చెప్పలేదు. చెప్పమని నేనూ అడగలేదు. దేవుడు నన్ను క్షమించాడని నాకు ఎంత నమ్మకమో, ఆ తలుపు నేనే మూసుకున్నానన్నదీ అంతే నిజం. దావీదుకు కూడా నాతాను ప్రవక్త ఒకే మాటలో క్షమాపణా చెప్పాడు, పర్యవసానమూ చెప్పాడు.

నమ్మకానికి టైమ్ పడుతుంది. మార్కు అనే యోహాను సువార్త ప్రయాణం మధ్యలో, పంఫూలియలో పౌలు బృందాన్ని వదిలి వెళ్లిపోయాడు. తర్వాత ప్రయాణానికి అతన్ని తీసుకెళ్లడానికి పౌలు ఒప్పుకోలేదు, ఆ విషయంలో తోటి సేవకుడు బర్నబాకీ పౌలుకీ తీవ్రమైన వాదం వచ్చి విడిపోయారు కూడా. అదే పౌలు చెరసాల నుంచి రాసిన చివరి ఉత్తరంలో మార్కును వెంటబెట్టుకుని రమ్మన్నాడు, అతను తనకు ప్రయోజనకరమైనవాడని రాశాడు. మధ్యలో ఏళ్లు గడిచాయి. ఆ ఏళ్లలో మార్కు తనను తీసుకెళ్లమని పౌలు వెంటపడినట్టు ఎక్కడా లేదు. బర్నబాతో కలిసి తన పని తాను చేసుకున్నాడు. నువ్వు కూడా సండే స్కూల్ బాధ్యత తిరిగి ఎప్పుడిస్తారని అడగొద్దు. ఇస్తామన్నా కొంతకాలం వద్దని చెప్పు.

నిద్ర లేకపోవడం గురించి ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు. నేను వదలను. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు అప్పుడు ప్రసంగం చేయలేదు. దూతతో తిండి, నీళ్లు పెట్టించాడు, నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. అతన్ని ప్రశ్న అడిగింది హోరేబు కొండ దగ్గర, చాలా రోజుల తర్వాత. నాలుగు నెలలు నిద్ర లేకపోతే ఏ మనిషి మనసూ సరిగ్గా పనిచేయదు. డాక్టర్‌కు చూపించుకో. అది విశ్వాసం తక్కువ కావడం కాదు. బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారైనా వస్తే, దాన్ని రేపటికి దాచకు. ఆ క్షణమే నీ భార్యకో, దగ్గర్లో ఉన్న మనిషికో చెప్పు, ఒంటరిగా ఉండకు.

వచ్చే ఆదివారం మందిరానికి వెళ్లు. ఆరాధన మొదలయ్యాక వెళ్లి, ముగియకముందే వచ్చేయాలనిపిస్తుంది. పర్వాలేదు, మొదటివారం అలాగే చెయ్యి. పాట పాడలేకపోతే పక్కవాళ్లు పాడేది విను. సంఘం కలిసి పాడుకునే కీర్తనల్లో 51వ కీర్తన కూడా ఉంది. దాని పైన దావీదు ఏ పాపం చేసినప్పుడు రాశాడో అందరికీ కనబడేలా రాసిపెట్టారు. అది నీకోసమూ అక్కడ ఉంది.

ఇక ఆ పాప. ఆమె ప్రశ్న నిన్ను అన్నిటికంటే ఎక్కువ కోసిందని నాకు అర్థమైంది, అందుకే ఉత్తరం చివర్లో పెట్టావు. అప్పుల సంగతి ఆమెకు చెప్పనక్కర్లేదు. మళ్లీ కనిపిస్తే మాత్రం పనుందని తప్పుకోకు. "నేనొక తప్పు చేశానమ్మా. దాన్ని సరిచేసుకుంటున్నాను. కొన్నాళ్లు పాఠం చెప్పను, వెనక వరసలో కూర్చుంటాను. నన్ను చూస్తే వచ్చి పలకరించు" అని చెప్పు. తప్పకుండా వచ్చి పలకరిస్తుంది.